రాజుగారు మెట్లు దిగిన సాయంత్రం

ఈ మధ్య ఖమ్మంలో ఒక పెళ్ళికి వెళ్ళి, అలవాటు చొప్పున వేదిక వెనక్కి నడిచాను. పని చేసిన కాలమంతా వేదికల వెనకే గడిపినవాణ్ణి, ముందు వరస కుర్చీలో కూర్చుంటే నాకు ఊపిరాడదు. అక్కడ ఇనుప గొట్టాలు బిగిస్తున్న కుర్రాళ్ళు నా సంగతి తెలిసి చుట్టూ చేరారు.

“తాతా, నువ్వు అంతా కట్టెతోనే కట్టేటోడివట గదా, ఎన్నడన్న కూలిందా?” అని ఒకడు అడిగాడు.

కూలలేదని చెప్పాను. అది నిజం. కాని కూలకుండానే నా పరువు తీసినంత పని చేసిన మెట్లు ఒకసారి కట్టాను. ఆ కథ మొదలుపెట్టేలోగా భోజనాలకు పిలిచారు. బిర్యానీ ముందు కథ నిలుస్తుందా? అందుకే, పిల్లలూ, ఇక్కడ రాస్తున్నాను.

మాది నాటకాలకు సెట్టింగులు కిరాయికిచ్చే కంపెనీ. నేను వడ్రంగిని. రెండువేల సంవత్సరం దాటేసరికి పద్యనాటకాలు తగ్గిపోయి, మా రాజదర్బారు తెరని ఎలుకలు పాలించడం మొదలుపెట్టాయి. పెళ్ళి పందిళ్ళతో రోజులు నెట్టుకొస్తున్నాం. నాతోపాటు ఒక పెయింటర్ ఉండేవాడు. నాకంటే పెద్దవాడు, నేను అన్నా అనేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చినప్పటినుంచి ఆయనకు లోకం మీద కోపం. దారిలో ఫ్లెక్సీ కనిపిస్తే చాలు, “గా మొఖంల నీడ ఏది? వెలుగు ఏది?” అని బస్సాపి అడిగేంత కోపం.

అలాంటి రోజుల్లో భద్రాచలం దారిలో, అడవి అంచున ఉన్న ఒక ఆడపిల్లల హాస్టలు బడి నుంచి కబురొచ్చింది. ఆ బడిలో సంగీతం నేర్పే సిస్టర్ ఒక నాటకం తయారుచేసింది. మాటలుండవు, మొదటినుంచి చివరిదాకా పాటలే. ఒక రాజు చందమామను తెచ్చి తన దర్బారులో వేలాడదీయాలనుకుంటాడు. ఆకాశం దాకా మెట్లు కట్టిస్తాడు. ఎక్కి ఎక్కి పైకి చేరితే చందమామ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. కిందికి చూస్తే తన జనం ఇళ్ళలో దీపాలుండవు. సిగ్గుపడి దిగి వస్తాడు. అదీ కథ.

“నాకు మెట్లు కావాలి. నేల మీద కోరస్ పిల్లలు, దాని పైన ఎత్తుబల్లల మీద మంత్రులు, అన్నిటికంటే పైన రాజు. ప్రేక్షకులు తల ఎత్తి చూడాలి” అంది సిస్టర్. ఆమెది మన రాష్ట్రం కాదు. తెలుగు పుస్తకాల్లో నేర్చుకుంది కాబట్టి మనకంటే శుభ్రంగా మాట్లాడేది.

నా చేతులు దురద పెట్టాయి. ఎన్నాళ్ళకు మళ్ళీ నాటకం! ఖమ్మంలోనే బల్లలూ మెట్లూ ముక్కలుగా తయారుచేసి లారీకెత్తాం. దారిలో అటవీ శాఖ చెక్‌పోస్టు దగ్గర గార్డు లారీ ఆపాడు.

“ఏంది గింత కట్టె? ఏడికి?”

“నాటకానికి సార్. మెట్లు” అన్నాను.

“అడవిలకెళ్ళి కట్టె ఎత్కపోయేటోళ్ళను మస్తుగ చూసిన. అడవిలకు కట్టె తెచ్చేటోళ్ళను గిప్పుడే చూస్తున్న. దించుండ్రి.”

దించాం. అవి మెట్లేనని నిరూపించమన్నాడు. రోడ్డు పక్కన ఒక మెట్ల ముక్క నిలబెడితే, టోపీ సర్దుకుని తనే ఎక్కాడు. చివరి మెట్టు మీద నిలబడి అటూ ఇటూ చూశాడు.

“ఎక్కినంక పైన ఏం లేదు గదా?”

“అవ్ సార్” అన్నాడు మా పెయింటర్ అన్న. “గదే కథ.”

గార్డు నాటకం ఏ రోజో కనుక్కుని పంపించేశాడు.

బడి ఆవరణలో వేదిక లేపాం. సరుగుడు వాసాల మీద బల్లలు, బల్లకూ బల్లకూ మధ్య మెట్లు. అన్నిటికంటే పై బల్ల మీద నేను నిలబడితే బడి పెంకులు నా నడుము దగ్గరికొచ్చేవి. హాస్టలు పిల్లలు అడవి ఊళ్ళవాళ్ళు, కోరస్ వాళ్ళదే. నేను మేకు కొట్టడం ఆపగానే మెట్ల మీద పైకీ కిందికీ ఉడతల్లా పరిగెత్తేవాళ్ళు. వాళ్ళలో వాళ్ళు వాళ్ళ భాషలో ఏదో అనుకుని నవ్వేవాళ్ళు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు గాని, నన్నే అంటున్నారని మాత్రం తెలిసేది.

మూడోనాడు రాజుగారు వచ్చారు.

రాజు వేషం వేసేది వైరా వైపు ఒక పెద్ద రైతు. వాళ్ళ పెద్దలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. హాస్టలుకు బియ్యం ఆయన మిల్లు నుంచే వచ్చేవి. బస్తాలు దింపిస్తూ రాగం తీస్తుంటే సిస్టర్ విని, ఆ గొంతు కోసమే నాటకం రాసుకుందట. వయసులో పద్యనాటకాల్లో కిరీటాలు పెట్టిన మనిషి. నిండైన విగ్రహం, మీసం. మా కంపెనీ తెరల ముందు ఆయన పాడుతుంటే ఒకప్పుడు నేనే తెర తాడు పట్టుకుని మైమరచిపోయి, దించాల్సిన చోట దించక తిట్లు తిన్నాను.

అలాంటి మనిషి నా మెట్ల ముందు నిలబడి, మొదటి మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తీసి, “ఇది మెట్టా, పీటా? ఇంత ఇరుగ్గా ఉంటే రాజు ఎలా ఎక్కుతాడయ్యా?” అన్నారు.

సరే, వెడల్పు చేశాను. మర్నాడు వచ్చి, “బాగా నిటారుగా ఉందయ్యా. ఇది తాడిచెట్టు ఎక్కేవాడికి పనికొస్తుంది” అన్నారు. విప్పి, వాలు తగ్గించి మళ్ళీ కట్టాను. ఆ మర్నాడు కిర్రుమంటోందన్నారు. తన శ్రుతికి అడ్డట. కొయ్యకూ కొయ్యకూ మధ్య సైకిలు ట్యూబు ముక్కలు పెట్టి బిగించాను. పిల్లి నడిచినంత శబ్దం కూడా రాదు. ఆ పూట ఆయన చాలాసేపు మెట్ల చుట్టూ తిరిగి చివరికి, “దక్షిణం నుంచి ఎక్కుతున్నామేంటి? వాస్తు చూడలేదా?” అన్నారు.

ఆ మాటకు సిస్టర్, పాపం, మెడలో సిలువ పట్టుకుని నా వైపు చూసింది.

“తమ్మీ,” అన్నాడు పెయింటర్ అన్న నా చెవిలో, “రేపు మెట్లకు జాతకం అడుగుతడు. పుట్టిన టైం రాసి పెట్టుకో.”

నాకు మాత్రం నవ్వు రాలేదు. రాత్రి అన్నం సయించలేదు. నాటకాల పని వదిలి పందిళ్ళు కట్టీ కట్టీ నా చేతిలో పనితనం పోయిందేమో, ఆ గొంతుకు తగిన మెట్లు కట్టడం నా వల్ల కాదేమో అనుకున్నాను. రిహార్సల్స్ మాత్రం జరుగుతూనే ఉన్నాయి. రాజుగారు కింద నేల మీద నిలబడి, “ఎక్కినట్టే అనుకోండమ్మా” అని ఎక్కే పాట పాడేవారు. పిల్లలు “ఇంకొక్క మెట్టు, ఇంకొక్క మెట్టు” అని వంత పాడుతూ వాళ్ళు మాత్రం నిజంగానే ఎక్కేవాళ్ళు.

నాటకం ఇంకా కొద్ది రోజులుందనగా ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్ళారు. నేను మర్చిపోయిన టేపు కోసం వెనక్కి వచ్చాను. మెట్ల మీద ఒక ఆకారం కనిపించింది. రాజుగారు. చేతులూ మోకాళ్ళూ ఆనించి, పసిపిల్లవాడు పాకినట్టు, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు. ఎక్కింది మూడు మెట్లు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

“ఎవరూ?” అన్నారు కళ్ళు తెరవకుండానే.

“నేను సార్. మేస్త్రీని.”

“ఇంకెవరైనా ఉన్నారా?”

“ఎవల్లేరు సార్.”

“అయితే నన్ను దించు.”

దించాను. నేల తగలగానే ఆయన నేల మీదే చతికిలబడ్డారు. కండువాతో ముఖం తుడుచుకుని, నా ముఖం చూడకుండా చెప్పారు.

“చిన్నప్పటినుంచీ ఇంతేనయ్యా. పద్యనాటకంలో రాజుకి సింహాసనం ఉంటుంది, మెట్లుండవు. అందుకే నెగ్గుకొచ్చా. ఎత్తు కూడా కాదయ్యా నా బాధ. మెట్టుకీ మెట్టుకీ మధ్య సందు ఉందే, అందులోంచి నేల కనపడుతుంది. కనపడి రమ్మంటుంది.”

అప్పటిదాకా నా మెట్ల మీద ఉన్న నా కోపం, నా దిగులు ఒక్కసారి దిగిపోయాయి. నా చేతిలో లోపం లేదు! చెప్పకూడదు గాని, ఆయన అంత బాధలో ఉంటే నాకు లోలోపల సంతోషం వేసింది.

“సిస్టర్‌కు చెప్తే అర్థం చేసుకుంటది సార్” అన్నాను.

“అర్థం చేసుకుంటుందనేగా నా భయం! అయ్యో పాపం అంటుంది. ఊరంతా ట్రాక్టర్లు కట్టుకుని వస్తోందయ్యా. మా ఆవిడా వస్తోంది. పులి వేషం వేసినవాడు పిల్లిని చూసి చెట్టెక్కితే ఏమంటారు? నేనైతే చెట్టు కూడా ఎక్కలేను.”

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వాక ఆయన కాస్త మనిషయ్యారు.

ఇక ఉపాయం. మెట్ల మధ్య సందులన్నీ చెక్క పలకలతో మూసేశాను. ఇలా నిలువుగా మూస్తే కింద ఏముందో కనపడదు, ఎక్కేవాడికి గోడ ఎక్కుతున్నట్టు ధైర్యంగా ఉంటుంది. “ఆకాశం రంగు వేయడానికి పలకలు కావాలి” అని సిస్టర్‌కు చెప్పాను. ఆమె మురిసిపోయింది. రెండోది, ఎక్కేటప్పుడు ఆయన చూపు ఒకచోట నిలబడాలి. “రాజు దివిటీ లేకుండ ఎక్కుతడా సిస్టర్? ముంగట ఒక దివిటీ మనిషి ఉండాలె” అన్నాను. అదీ ఒప్పుకుంది. ఆ దివిటీ మనిషిని నేనే. ఎర్ర తలపాగా, అతికించిన మీసం, చేతిలో వెదురుకర్రకు కట్టిన బల్బు. నన్ను చూసి కోరస్ పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. ఈసారి వాళ్ళేమన్నారో భాష రాకపోయినా అర్థమైంది.

మధ్యాహ్నాలు అందరూ అన్నాలకు వెళ్ళినప్పుడు సాధన చేశాం. “పైకి చూడకు సార్, కిందికి చూడకు. నా వీపు చూడు.” ముందు సగం దాకా, తర్వాత పైదాకా. దిగేటప్పుడు కూడా నేను ముందు, ఆయన నా భుజం మీద చెయ్యి వేసి వెనక. కుదిరింది. రిహార్సల్లో ఆయన మొదటిసారి పైదాకా ఎక్కి పాడితే సిస్టర్ హార్మోనియం ఆపి చప్పట్లు కొట్టింది. మా రహస్యం మా ఇద్దరిదే అనుకున్నాం.

నాటకం రోజు వచ్చింది. ట్రాక్టర్లు వచ్చాయి. అడవి ఊళ్ళనుంచి పిల్లల తల్లిదండ్రులు నడిచి వచ్చారు. చెక్‌పోస్టు గార్డు కూడా, యూనిఫాం లేకుండా, ఇంటామెతో వచ్చాడు. పొద్దు వాలుతోంది. జనరేటర్ గుర్రుమంటోంది. నేను మీసం అతికించుకుంటుంటే సిస్టర్ పరుగున వచ్చింది.

“మేస్త్రీగారూ, నాకిప్పుడే తోచింది. పైన రాజు ఒంటరిగా ఉండాలి. మీరు ఆయన్ని పైన వదిలి వెంటనే దిగి రండి. వెలుగు వెళ్ళిపోయాక రాజు చీకట్లో ఏకాకిగా మిగలాలి. అప్పుడు దిగాలి. ఎంత బావుంటుందో కదా!”

కాదనడానికి కారణం చెప్పాలి. కారణం నాది కాదు. రాజుగారి దగ్గరికి పరిగెత్తి చెప్పాను. కిరీటం కింద ఆయన ముఖం పౌడరు లేకుండానే తెల్లబడింది.

“ఇప్పుడన్న చెప్పేద్దాం సార్” అన్నాను.

ఆయన జనం వైపు చూశారు. మొదటి వరసలో వాళ్ళావిడ కూర్చుని ఉంది. “ఎక్కించు చాలు. దిగే సంగతి నేను చూసుకుంటా” అన్నారు. ఏం చూసుకుంటారో ఆయనకూ తెలియదని ఆ గొంతే చెప్పింది.

తెర లేచింది. ఎక్కే పాట వచ్చింది. నేను ముందు, ఆయన వెనక. సగం దాకా బాగానే వచ్చాం. అక్కడ ఎవరో కెమెరాతో ఫొటో తీసినట్టున్నారు, పక్కనుంచి తళుక్కుమంది. ఆయన తల తిప్పి కిందికి చూశారు. అంతే. కాలు మెట్టుకి మేకు కొట్టినట్టు ఆగిపోయింది.

“ఇంకొక్క మెట్టు” అన్నారు పిల్లలు. ఆయన కదల్లేదు. “ఇంకొక్క మెట్టు” అని మళ్ళీ అన్నారు. సిస్టర్ హార్మోనియం మీద అదే వరస తిప్పుతోంది. అడవి పిల్లలకు ఓపిక ఎక్కువ. ఎన్నిసార్లయినా అంటారు. నేను పళ్ళ సందునుంచి, “నా వీపు, నా వీపు” అంటూనే ఉన్నాను. పాట కోసం మెట్ల పక్కన కట్టిన మైకు సంగతి నాకు గుర్తులేదు. అది ఆన్‌లోనే ఉందట. జనమంతా, “నా వీపు” అంటే రాజుకు వీపు నొప్పేమోనని పకపకా నవ్వారు. ఆ నవ్వుకు రాజుగారికి రోషం వచ్చినట్టుంది. ఒక్క ఊపున కాలు లేచింది. తర్వాత ఇంకొకటి.

పైకి చేరాం. నేను తలొంచి దండం పెట్టి, దివిటీతో దిగి వచ్చాను. ఇన్నేళ్ళ పనిలో అంత బరువుగా ఏ మెట్లూ దిగలేదు. పక్కన తెర చాటున నిలబడి పైకి చూశాను. చీకటి పడ్డ ఆకాశం కింద ఆ మనిషి ఒక్కడే. చందమామ అందలేదని పాడుతుంటే ఆయన గొంతు వణికింది. ఎందుకు వణికిందో నాకు తెలుసు. జనానికి తెలియదు.

దిగే పాట మొదలైంది. ఆయన దిగలేదు. కోరస్ మొదటి చరణం మళ్ళీ ఎత్తుకుంది. దిగలేదు.

“తమ్మీ, నిచ్చెన తేవాల్నా?” అన్నాడు పెయింటర్ అన్న నా పక్కన. ఆయనకు ఎప్పుడో తెలిసిపోయిందని నాకప్పుడే తెలిసింది.

అప్పుడు రాజుగారు కిరీటం తీశారు. దాన్ని పై బల్ల మీద పక్కన పెట్టారు. మెల్లగా పై మెట్టు మీద కూర్చున్నారు. రెండు చేతులూ అటూ ఇటూ ఆనించి, కింది మెట్టు మీదికి జరిగారు. ఇంకో మెట్టు. పాడుతూ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే, చిన్నపిల్లలు దిగినట్టు దిగడం మొదలుపెట్టారు.

కోరస్‌లో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. కాని ముందు వరసలో ఉన్న ఒక పిల్ల పాడటం ఆపకుండా తనూ కూర్చుంది. పక్కపిల్ల కూర్చుంది. ఎత్తుబల్లల మీద మంత్రులూ, కింద పిల్లలూ, అందరూ వరసగా కూర్చున్నారు. వాళ్ళకెవరూ చెప్పలేదు. ఆ పెద్ద మనిషి, ఆ మీసం, ఆ పట్టుబట్టలు, మెట్టు మెట్టుకూ కూలబడుతూ మన నేలకు వస్తుంటే, గర్వం దిగడమంటే ఇదే కాబోలు అనిపించింది. గార్డు ఇంటామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది.

నేల మీద కాళ్ళు ఆనగానే ఆయన లేచి, జనానికి దండం పెట్టి, వెనక్కి తిరిగి నడిచారు. అప్పుడు మొదలైంది నవ్వు. మా అన్న మెట్ల పలకలకూ అంచులకూ ఆ పొద్దున మళ్ళీ రంగు వేశాడు. ఆరలేదు. రాజుగారి తెల్ల పట్టుపంచె వెనక నీలం చారలు, ఆకాశం ఆయన వెంటే దిగి వచ్చినట్టు. ఆయన అది మెప్పనుకుని ఇంకోసారి తిరిగి దండం పెట్టారు. మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ చారలు. చప్పట్లు ఆగలేదు.

“సూడు,” అన్నాడు పెయింటర్ అన్న. “నా రంగుకు చప్పట్లు. ఫ్లెక్సీకి కొడతరా ఎవలన్న?”

సిస్టర్ కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. “కూర్చుని దిగాలని మీకెప్పుడు తోచిందండీ?”

“అక్కడికక్కడే వచ్చిందమ్మా” అన్నారాయన. అబద్ధమేమీ లేదు.

ఆమె నా వైపు తిరిగి, “చూశారా, మిమ్మల్ని దిగిపొమ్మనడం ఎంత మంచిదయిందో!” అంది. అవునన్నాను. అదీ అబద్ధం కాదు. పిల్లలూ, మన పనిలో ఇలాంటి రోజులు వస్తాయి. మనం వేసుకున్న ఊతలన్నీ ఊడిపోయాకే నాటకం నిలబడుతుంది. అలాగని ఊతలు వేయడం మానకండి.

మర్నాడు పొద్దున మేం బల్లలు విప్పుతుంటే రాజుగారి భార్య వచ్చింది. సన్నటి మనిషి, చేతిలో టిఫిను డబ్బా. మాకు ఇడ్లీలు పెట్టి, మెట్ల పలకల మీద చెయ్యి వేసి నొక్కి చూసింది.

“ఈ సందులు మూసింది నువ్వేనా బాబూ?”

“అవునమ్మా.”

“మాకు ఇంటి పైన డాబా ఉంది. దానికి ఇనుప మెట్లు, కింద నేలంతా కనపడేవి. ఆయన ఇల్లు కట్టించారే గాని ఒక్కరోజు పైకి రాలేదు. మోకాళ్ళ నొప్పులంటారు. నేను నమ్మినట్టే ఉంటాను.” నవ్వింది. “ఇలాంటివే కట్టిపెడతావా? వెడల్పుగా, మూసి. మోకాళ్ళకి మంచిదని చెప్తాలే.”

పందిళ్ళ సీజను అయ్యాక వైరా వెళ్ళి కట్టాను. ఎక్కేరోజు రాజుగారు నన్ను పక్కకి పిలిచి, “నువ్వు చూడకు మేస్త్రీ” అన్నారు. సరేనని అటు తిరిగి ఉలులు తుడుచుకుంటూ కూర్చున్నాను. వెనకనుంచి ముందు ఆవిడ గాజుల చప్పుడు, దాని వెంట బరువైన అడుగులు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. దిగి వచ్చేశారేమో అనుకున్నాను. అంతలో డాబా మీదనుంచి ఆ గొంతు, నాటకాల్లో ఊళ్ళు దాటి వినిపించిన గొంతు, మోగింది.

“ఏమేవ్! మన పొలం గట్టు ఇంత వంకరగా ఉందేంటి? ఇన్నేళ్ళుగా నాకెవరూ చెప్పలేదే!”

“చెప్పాను,” అంది ఆవిడ. “నమ్మలేదు మీరు.”